పారిస్ ఒపెరా నుంచి పార్శీ రంగస్థలం దాకా: ఒక యూదు పడుచు ప్రయాణం

పస్కా పండుగ రాత్రి. యూదు స్వర్ణకారుడు ఎలియాజర్ ఇంట్లో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఇంటి పెద్ద పులియని రొట్టె విరిచి అందరికీ పంచుతున్నాడు. ఆ పంక్తిలో శామ్యూల్ అనే చిత్రకారుడూ కూర్చున్నాడు. ఇంటి ఆడపిల్ల రాషెల్ అతన్ని ప్రేమించింది. రొట్టె ముక్క అతని చేతికీ వచ్చింది. ఎవరూ చూడటం లేదనుకుని అతను దాన్ని తినకుండా కింద పడేశాడు. రాషెల్ చూసింది.

అతను యూదుడు కాడు, పేరు శామ్యూల్ కాదు. యుద్ధంలో గెలిచి వచ్చిన లియోపోల్డ్ అనే క్రైస్తవ రాజకుమారుడు. పైగా పెళ్లైనవాడు. 1835 ఫిబ్రవరి 23న పారిస్ ఒపెరా నాటకశాలలో మొదటిసారి ప్రదర్శించిన 'లా జ్వీవ్' (యూదు స్త్రీ) అనే ఒపెరా, అంటే సంగీత నాటకంలోది ఈ ఘట్టం. మాటలు, పాటలు యూజీన్ స్క్రీబ్‌వి. సంగీతం ఫ్రొమాంటాల్ హలేవీది. సుమారు 80 ఏళ్ల తర్వాత ఇదే కథ 'యహూదీ కీ లడ్కీ'గా ఉర్దూలో మన దేశపు రంగస్థలం మీద నిలబడింది. రాసినవాడు బనారసులో పుట్టిన ఆగా హష్ర్ కాశ్మీరీ. ఆ తర్వాత అది ఒకటికన్నా ఎక్కువసార్లు హిందీ సినిమాగానూ వచ్చింది.

వలసపాలన నాటి నాటకాల మాట వచ్చినప్పుడు చాలామంది ఒక మాటతో విషయం తేల్చేస్తారు: అవి ఇంగ్లీషు నాటకాలకు నకళ్లు, పాటలు అతికించిన అనుకరణలు. ఈ మాట నాకు చాలాకాలంగా కష్టంగా ఉంది. అరువు నిజమే, దాన్ని దాచాల్సిన అవసరమూ లేదు. కానీ అరువు తెచ్చుకున్నవాళ్లు దేన్ని ఉంచుకున్నారు, దేన్ని మార్చుకున్నారు, ఎందుకు మార్చుకున్నారు అని అడిగితే తప్ప ఆ నాటకాలు మనతో మాట్లాడవు. ఈ యూదు పడుచు కథ ఆ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతుంది.

ముందు కథ మొత్తం చూద్దాం. లియోపోల్డ్ మోసం బయటపడ్డాక రాషెల్ ఊరుకోదు. రాజు, మతాధికారులు అందరూ కొలువుదీరిన నిండుసభలోకి వెళ్లి, ఈ రాజకుమారుడు యూదు స్త్రీతో సంబంధం పెట్టుకున్నాడు, ఆ స్త్రీని నేనే అని ప్రకటిస్తుంది. ఆనాటి చట్టం ప్రకారం ఇద్దరికీ మరణశిక్ష. కార్డినల్ (పోప్ కింది పెద్ద మతాధికారి) బ్రోన్యీ అతన్నీ, ఆమెనూ, ఎలియాజర్‌నూ శపించి వెలివేస్తాడు. అప్పుడు లియోపోల్డ్ భార్య యూడాక్సీ చెరసాలకు వచ్చి రాషెల్‌ను బతిమాలుతుంది. రాషెల్ తన మాట వెనక్కి తీసుకుంటుంది. అతను బతికిపోతాడు, ఆమె చావుకు సిద్ధపడుతుంది. చివరి మలుపు ఇది: రాషెల్ నిజానికి ఎలియాజర్ కూతురు కాదు. బ్రోన్యీ మతగురువు కాకముందు, ఒక అగ్నిప్రమాదంలో పోయిందనుకున్న అతని కన్నబిడ్డ. మంటల్లోంచి తీసి పెంచినవాడు ఎలియాజర్. బ్రోన్యీ ఆ ఎలియాజర్ కొడుకులనే మతం పేరిట చంపించినవాడు. మరిగే కొప్పెరలో రాషెల్‌ను పడవేస్తున్న క్షణంలో 'నా బిడ్డ ఎక్కడ?' అని బ్రోన్యీ అడుగుతాడు. ఎలియాజర్ ఆ కొప్పెర వైపు చెయ్యి చూపిస్తాడు.

స్క్రీబ్ కూడా ఈ కథను శూన్యంలోంచి తీయలేదు. ఉదాత్తమైన యూదు యువతి, ఆమెను దక్కించుకోలేని క్రైస్తవ యోధుడు అనే జంటను యూరప్ అప్పటికే 1819 నాటి వాల్టర్ స్కాట్ నవల 'ఐవాన్‌హో'లో చూసింది. కూతురున్న యూదు వ్యాపారి షేక్‌స్పియర్ నాటి నుంచీ రంగస్థలం మీద ఉన్నాడు. అంటే మనం 'మూలం' అనుకునేదీ ఒక అరువే. 1830 విప్లవం తర్వాతి పారిస్‌లో మతాధికారుల పెత్తనం మీద గట్టి వ్యతిరేకత ఉండేది. కథను 1414 నాటి కాన్‌స్టాన్స్ మతసభ రోజుల్లో పెట్టడం ఆ గాలికి సరిపోయింది. చెక్ మతసంస్కర్త యాన్ హుస్‌ను సజీవదహనం చేసింది ఆ సభే. నాలుగు వందల ఏళ్ల వెనకటి మతాధికారిని చూపిస్తూ తమ కాలపు మతాధికారం గురించి మాట్లాడుకోవడం పారిస్ ప్రేక్షకులకు కొత్తేమీ కాదు. ఈ పద్ధతిని గుర్తుంచుకోండి. బొంబాయిలో ఇది మళ్లీ కనిపిస్తుంది.

అదే 1835లో కథ ఇంగ్లీషు కాలువ దాటింది. డబ్ల్యూ. టి. మాన్‌క్రీఫ్ అనే లండన్ రచయిత దాన్ని మెలోడ్రామాగా, అంటే ఉద్వేగాలను రెచ్చగొట్టే నాటకంగా మార్చి రాశాడు. ఫ్రాన్స్, ఇంగ్లండుల మధ్య గ్రంథహక్కుల ఒప్పందం కుదరడానికి ఇంకా పదహారేళ్లు ఉంది. అందువల్ల పారిస్‌లో విజయవంతమైన దేన్నైనా లండన్ రచయితలు కొద్ది వారాల్లో తమ రంగస్థలానికి దించేసేవారు. సంగీతం చాలావరకు పోయింది. మిగిలింది ఘట్టాల వరస: మారువేషం, రొట్టె, నిండుసభలో ఫిర్యాదు, చెరసాల, కొప్పెర. నా ఉద్దేశంలో ఈ కథ ప్రపంచం తిరగడానికి అసలు కారణం ఇదే. ఒపెరాను మోసుకెళ్లాలంటే వాద్యబృందం, గాయకులు, గుర్రాలూ కవచాలతో ఊరేగింపు కావాలి. పారిస్ ప్రదర్శన అంత ఆడంబరంగానూ జరిగింది. మెలోడ్రామాకు ఒక చవక ముద్రణ ప్రతి చాలు. అది ఓడలో ఎవరి పెట్టెలోనైనా ఇమిడిపోతుంది.

ఓడ చేరిన చోట ఏముందో ఇప్పుడు చూడాలి. బొంబాయిలో 1846లో గ్రాంట్ రోడ్ నాటకశాల తెరిచారు. 1853లో పార్శీ యువకులు, అంటే పూర్వం ఇరాన్ నుంచి వలస వచ్చిన జొరాస్ట్రియన్ సమాజంవాళ్లు, అక్కడ నాటకాలు మొదలుపెట్టారు. 1868లో విక్టోరియా నాటక కంపెనీ వచ్చింది. మొదట గుజరాతీ, తర్వాత ఎక్కువ ఊళ్లలో అర్థమయ్యే ఉర్దూ. ఈ భాష మార్పు వ్యాపారానికి ప్రాణం పోసింది. 1872లో సాలార్ జంగ్ ఆహ్వానం మీద విక్టోరియా కంపెనీ హైదరాబాదుకు వచ్చి ఆడింది. రైళ్లు పెరిగిన కొద్దీ కంపెనీలు లాహోర్ నుంచి మద్రాసు దాకా తిరిగాయి, సముద్రం దాటి రంగూన్, కొలంబోలకూ వెళ్లాయి.

పార్శీ కంపెనీ నాటకం పుట్టే పద్ధతి కూడా ప్రత్యేకమైనది. నెలజీతం మీద మున్షీ అనే ఆస్థాన రచయిత ఉండేవాడు. కంపెనీ యజమాని, నటులు, చిత్రకారులు అందరి అవసరాలనూ మనసులో పెట్టుకుని రాయడమే అతని పని. చిత్రించిన పెద్ద తెరలు మార్చడానికి సమయం కావాలి కదా. అందుకని ముందు తెర దించి, దాని ముందర ఒక హాస్యఘట్టం నడిపించేవారు. వెనక వడ్రంగులు రాజసభ కట్టేలోగా ముందర హాస్యగాడు జనాన్ని నవ్విస్తాడు. తెర లేచేసరికి రోము నగరం. విషాద కథ మధ్యలో అసందర్భంగా హాస్యం ఎందుకని విమర్శకులు ఎన్నోసార్లు విసుక్కున్నారు. అది అభిరుచిలేమి కాదు, రంగస్థలం లోతుకూ తెరల బరువుకూ సంబంధించిన లెక్క. దానికి తోడు ప్రాసలతో నడిచే వచనం, జనం మళ్లీ మళ్లీ అడిగితే అక్కడే మళ్లీ పాడే పాటలు, అంకం చివర పాత్రలన్నీ చిత్రపటంలా కదలకుండా నిలిచే దృశ్యం. ఫ్రెంచి ఒపెరాలోంచి లండన్‌లో రాలిపోయిన సంగీతం ఇక్కడ వేరే రాగాలతో తిరిగి వచ్చి చేరింది.

ఆగా హష్ర్ (1879–1935) ఈ వ్యవస్థలో పండిన రచయిత. షేక్‌స్పియర్‌ను ఉర్దూ రంగస్థలానికి తెచ్చిన వాళ్లలో ముఖ్యుడు. 'సఫేద్ ఖూన్'లో కింగ్ లియర్ కథ ఉంటుంది. 'అసీరె హిర్స్' మరీ ఆసక్తికరం. పెరూను స్పెయిన్ సేనలు ఆక్రమించిన కథను జర్మన్‌లో కోట్జెబూ నాటకంగా రాస్తే, షెరిడన్ దాన్ని 'పిజారో'గా ఇంగ్లీషులోకి తెచ్చాడు, హష్ర్ ఉర్దూలోకి తెచ్చాడు. ప్రేమ, త్యాగం పైకి కనిపిస్తాయి. అడుగున ఉన్నది బయటి నుంచి వచ్చి దేశాన్ని పట్టుకున్నవాళ్లు, పట్టుబడినవాళ్లు. కాబట్టి 1910ల్లో 'యహూదీ కీ లడ్కీ' రాసినప్పుడు హష్ర్ చేతికి యూదు పడుచు కథ ఏదో యాదృచ్ఛికంగా తగిలిందని నేను అనుకోను.

ఆ నాటకంలో ఒక పెద్ద మార్పు జరిగింది. క్రైస్తవులు మాయమయ్యారు. కాన్‌స్టాన్స్ పోయి రోము వచ్చింది. రాజకుమారుడు మార్కస్ అనే రోమనుడు, కార్డినల్ స్థానంలో బ్రూటస్ అనే రోమన్ అధికారి, ఎలియాజర్ స్థానంలో ఎజ్రా. దీన్ని కేవలం పేర్ల మార్పుగా చూస్తే నాటకం మొత్తం చేజారిపోతుంది.

కారణాలు రెండు కనిపిస్తాయి. మొదటిది భయం. పాలకులు క్రైస్తవులు. క్రైస్తవ మతాధికారి యూదులను కొప్పెరలో వేయించే కథను ఉన్నదున్నట్టు ఆడితే ఏమవుతుందో ప్రతి కంపెనీ యజమానికీ తెలుసు. 1876లో వచ్చిన నాటక ప్రదర్శనల చట్టం అప్పటికి నలభై ఏళ్లుగా నెత్తిన ఉంది. వేల్స్ యువరాజుకు తన ఇంటి అంతఃపుర స్త్రీల చేత స్వాగతం చెప్పించిన ఒక వకీలును ఎగతాళి చేస్తూ కలకత్తా గ్రేట్ నేషనల్ థియేటర్ ఆడిన నాటకం ఆ చట్టానికి వెంటనే కారణమైంది. ప్రభుత్వం మీద అసంతృప్తి రేపుతుందనిపించిన నాటకాన్ని ఆపేసే అధికారం దాంతో ప్రభుత్వానికి వచ్చింది.

రెండో కారణం మొదటిదానికన్నా లోతైనది. రోము అనగానే మతం కన్నా ముందు సామ్రాజ్యం గుర్తొస్తుంది. తమ పాలనను రోమన్ సామ్రాజ్యంతో పోల్చుకోవడం ఆంగ్లేయులకే ఇష్టం. బడిపుస్తకాల్లో, ఉపన్యాసాల్లో ఆ పోలిక వినిపించేది. ఆ పోలికనే హష్ర్ నాటకం తిరగేసి చూపింది. పాలించే జాతి ఒకటి, దాని కింద బతికే జాతి ఒకటి. చట్టం పాలకులదే, న్యాయస్థానం పాలకులదే. ఆ న్యాయస్థానంలో నిలబడి ఒక ముసలి యూదుడు, మీ దుఃఖం దుఃఖమూ మా దుఃఖం కట్టుకథానా, మీది రక్తమూ మాది నీళ్లా అనే అర్థంలో గర్జిస్తాడు. ఈ మాటలకు ఏ ఊళ్లో చప్పట్లు మోగినా, చప్పట్లు కొట్టినవాళ్లు యూదుల గురించి మాత్రమే ఆలోచిస్తున్నారనుకోవడం కష్టం. పైకి మాత్రం ఇది రెండు వేల ఏళ్ల కిందటి రోము. ఏ పోలీసు అధికారి అభ్యంతరం చెప్పగలడు? పారిస్ ప్రేక్షకులు పాత మతాధికారిని చూస్తూ తమ కాలాన్ని తలుచుకున్నారని ముందు అనుకున్నాం. ఆ పద్ధతే ఇక్కడ మరింత పదునుతో పనిచేసింది.

మరి ఇందులో ప్రేమ చేసే పని ఏమిటి? జనాన్ని రప్పించడానికి ప్రేమ, చెప్పదలచుకున్నది రాజకీయం అని కొందరు విడదీస్తారు. ఈ విభజన సరైంది కాదని నా అభిప్రాయం. ఒక సామాన్య యూదు స్త్రీ రాజసభలోకి వెళ్లి యువరాజు మీద నేరం మోపడానికి ఏ దారి ఉంది? పన్నుల గురించో భూమి గురించో అయితే ఆమెను గుమ్మం దగ్గరే ఆపేస్తారు. ప్రేమ పేరిట అతనే ఆమె ఇంటికి వచ్చాడు, ఆమె రొట్టె అందుకున్నాడు, ఆమెను మోసం చేశాడు. ఆ మోసం వల్లనే ఆమెకు వాది అయ్యే హక్కు దొరికింది. రాజుకూ ప్రజకూ ఒకే చట్టమా అనే ప్రశ్నను సభ మధ్యకు ఈడ్చుకొచ్చింది ప్రేమే. ఆ ప్రశ్న ముందు రాజు ఇరుకున పడతాడు. చట్టాన్ని పాటిస్తే కొడుకు పోతాడు, పాటించకపోతే చట్టం అబద్ధమవుతుంది. శకుంతల దుష్యంతుడి సభలో నిలబడ్డ ఘట్టం మనకు తెలిసిందే. అక్కడా రహస్య ప్రేమే ఒక ఆశ్రమ కన్యను రాజును నిలదీసేదాకా తెచ్చింది. కాకపోతే అక్కడ శాపం రాజుకు అడ్డుపడి కాపాడుతుంది. ఇక్కడ మార్కస్‌ను కాపాడే శాపం లేదు.

అయితే ఈ కథ తాను వేసిన ప్రశ్నకు చివరిదాకా కట్టుబడిందా? లేదనే చెప్పాలి. రెండు చోట్ల అది వెనక్కి తగ్గుతుంది. యువరాజును కాపాడటం కోసం ఆమె ఫిర్యాదు ఉపసంహరించుకోవడంతో చట్టానికి పరీక్ష తప్పిపోయింది. ఆమె త్యాగం మహోన్నతంగా ఉంటుంది, కళ్లు చెమర్చుతాయి, కానీ బతికి బయటపడింది సింహాసనం. రెండోది ఇంకా బాధ పెడుతుంది. ఆమె యూదు పిల్ల కాదని, పాలకుల బిడ్డేనని తేలడం. అందరి రక్తమూ ఒకటే అని అంతసేపు గొంతెత్తి చెప్పిన కథ, చివరికి ఆమె మీద మనకు జాలి రెట్టింపు కావడానికి ఆమె పుట్టుకనే వాడుకుంటుంది. స్క్రీబ్ దగ్గర ఈ మలుపులో ఒక క్రూరమైన న్యాయం ఉంది. పాలకుడు తన బిడ్డను తానే చంపుకున్నాడు, ఆ సంగతి అతనికి ఒక్క క్షణం ఆలస్యంగా తెలిసింది. అయినా కులాంతర, మతాంతర ప్రేమల దగ్గర అటు యూరప్ నాటకమూ ఇటు మన నాటకమూ ఇలా అంచుదాకా వచ్చి పుట్టుక రహస్యం వెనక దాక్కోవడం చూస్తే నాకు దిగులుగా ఉంటుంది.

ఆ రహస్యమే మన ప్రేక్షకులకు ఈ కథను దగ్గర చేసిందన్నదీ నిజమే. పెంచినవాడి కులం ఒకటి, కన్నవాళ్ల కులం ఇంకొకటి, నిజం తెలిసేసరికి చావు ముంగిట నిలబడటం. కర్ణుడి కథ వినని ఊరు ఈ దేశంలో లేదు. సూతపుత్రుడని సభలో అవమానం పడ్డవాడు కుంతి పెద్దకొడుకని తెలిసినప్పుడు కలిగే కడుపుకోత, బ్రూటస్ ఎదుట ఎజ్రా నోరు విప్పినప్పుడూ కలుగుతుంది. ఒక ఫ్రెంచి ఒపెరా మలుపు పరాయిదిగా అనిపించకపోవడానికి పూర్వరంగం మన పురాణాలు ఎప్పుడో సిద్ధం చేసి ఉంచాయి.

తెలుగునాట ఈ గాలి వీచిన తీరు వేరు. 1880లో ధార్వాడ నాటక బృందం రాజమహేంద్రవరంలో పాక వేసి నాటకాలాడి వెళ్లిపోయింది. ఆ పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ప్రదర్శనలు ఇప్పించారు. వాటిలో ఒకటి 'చమత్కార రత్నావళి', షేక్‌స్పియర్ హాస్యనాటకానికి ఆయన చేసిన అనువాదం. పొరుగువాళ్లు వదిలివెళ్లిన పాకలో ఇంగ్లండు కథ తెలుగు మాట నేర్చుకోవడం మన ఆధునిక నాటకరంగపు తొలి రోజుల చిత్రం. ఆ తర్వాత కొన్నేళ్లపాటు తెలుగు ఊళ్లలో హిందుస్తానీ నాటకాల మోజు సాగింది. బందరులో నాదెళ్ల పురుషోత్తమ కవి ఒక్కరే 30కి పైగా హిందీ నాటకాలు రాశారు. తెలుగువాళ్లే నటులు, తెలుగువాళ్లే ప్రేక్షకులు, భాష మాత్రం హిందీ. పార్శీ బాణీ పాటల మెట్లు, హార్మోనియం, రంగు తెరలు, మంత్రంలా మాయమయ్యే రంగాలంకరణ తెలుగు సమాజాలకు చేరడంలో ఈ దశకు పెద్ద పాత్ర ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాలు ఆ రంగతంత్రాన్ని ఇప్పటికీ కాపాడుతున్నాయి. మాయాబజారులో గాలిలో తేలే పాత్రలను చూసినవాళ్లకు పార్శీ కంపెనీలు జనాన్ని ఎలా కట్టిపడేశాయో వేరే చెప్పాల్సిన పని లేదు. కథల విషయంలో మాత్రం తెలుగు రంగస్థలం ఎక్కువగా పురాణాన్నీ చరిత్రనూ పట్టుకుంది. యూదు పడుచుకు తెలుగు తెర అంతగా లేవలేదు.

ఆమెను దేశమంతటికీ చేర్చింది సినిమా. 1933లో న్యూ థియేటర్స్ తీసిన 'యహూదీ కీ లడ్కీ'లో గాయక నటుడు సైగల్ మార్కస్ వేషం వేశాడు. అందులో ఆయన పాడిన గాలిబ్ గజల్ 'నుక్తాచీ హై గమె దిల్' ఇప్పటికీ వింటాం. రోమన్ యువరాజు గాలిబ్‌ను పాడటం పార్శీ రంగస్థల సంప్రదాయం తెలిసినవాళ్లకు ఏమాత్రం వింత కాదు. 1958లో బిమల్ రాయ్ 'యహూదీ' తీశాడు. మార్కస్‌గా దిలీప్ కుమార్, యూదు పడుచు హన్నాగా మీనా కుమారి, ఎజ్రాగా సోహ్రాబ్ మోదీ. మోదీ స్వయంగా పార్శీ రంగస్థలం మీద పెరిగినవాడు. ఎజ్రా సభలో నోరు తెరిచిన ప్రతిసారీ సినిమా ఆగిపోయి నాటకం మొదలవుతుంది. ఆ గొంతులో హెచ్చుతగ్గులు మైకు లేని రోజుల్లో వెనక బెంచీ దాకా మాట చేరడానికి నటులు సాధించుకున్నవి. అందుకే ఆ సినిమాను నేను ఒక పాత నాటకానికి దొరికిన రికార్డుగా చూస్తాను. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి పదకొండేళ్లు. పాలకజాతి, పాలితజాతి అనే అర్థం కొంత మసకబారింది, ప్రేమకథ ముందుకు వచ్చింది. మూల ఒపెరాలో లియోపోల్డ్ ప్రాణాలు దక్కించుకుని దేశబహిష్కారంతో తప్పించుకుంటే, ఇక్కడ మార్కస్ తన కళ్లు తానే పొడుచుకుంటాడు. మోసం చేసిన మగవాడు మూల్యం చెల్లించకుండా వెళ్లిపోవడాన్ని ఈ సినిమా ఒప్పుకోలేదు. స్క్రీబ్ వదిలేసిన బాకీని వసూలు చేసిన ఆ చేతిని నకలు చేసిన చెయ్యి అని ఎలా అంటాం?

ఈ కథ మొదటి ఊహలో ఒక సంగతి ఉంది. స్క్రీబ్ దీన్ని మొదట పెట్టాలనుకున్నది కాన్‌స్టాన్స్‌లో కాదు, పోర్చుగీసు వారి ఏలుబడిలోని గోవాలో, అక్కడి మతవిచారణ న్యాయస్థానం నీడలో. తర్వాత మనసు మార్చుకున్నాడు. కథ గోవాలోనే ఉండిపోయి ఉంటే, హష్ర్ చేతికి అందేనాటికి అందులో రాజకుమారుడు సముద్రం దాటి వచ్చిన తెల్లదొర అయ్యేవాడు, సభ మన నేల మీదే కొలువుదీరి ఉండేది. ఆ నాటకాన్ని 1876 చట్టం కింద ఒక్క రాత్రి కూడా ఆడనిచ్చేవారు కాదు.